బొమ్మ చాలు, పేరొద్దు

నా కౌంటర్ సొరుగులో పదకొండు స్టాంపులున్నాయి. షీటుకు పన్నెండు వస్తాయి. ఒకటి ఫ్రేములో పెట్టి స్టేజీ మీద ఇచ్చేశాం. మిగిలినవి ఉత్తరాల మీద అంటించుకోవచ్చు, చెల్లుతాయి. కానీ అంటించడానికి నాకు చెయ్యి రాదు. వాటి మీద ఒక కుర్రాడు సైకిల్ పట్టుకుని నిలబడి ఉంటాడు, కింద ఒక పేరు ఉంటుంది. ఆ పేరు వేయించింది నేను. వద్దన్నా వినకుండా వేయించాను.

నా పేరు వనిత. గోదావరిఖనిలో పోస్టాఫీసు కౌంటర్ దగ్గర కూర్చుంటాను. నాకు నోరెక్కువ అని మా ఆఫీసులో అందరూ అంటారు. పింఛన్ల రోజు ఒక్క పూట నా కుర్చీలో కూర్చుంటే నోరెందుకు కావాలో వాళ్లకే తెలుస్తుంది. మా బాపు బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేశాడు. నేను పుట్టిందీ పెరిగిందీ బాయి క్వార్టర్లలోనే. బాయి మనుషుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గొప్పగా అనుకునేదాన్ని.

స్టాంపు మీదున్న ఆయన్ని మా కాలనీలో సైకిల్ మొండయ్య అంటారు. వెనకటికి మా దగ్గర ప్రతి డిసెంబర్‌లో బాయి కార్మికుల సైకిల్ పందెం జరిగేది. గోదావరిఖని చౌరస్తాలో బయలుదేరి, మంథని బస్టాండు చుట్టి, మళ్లీ చౌరస్తాకు రావాలి. ఇప్పటిలాగా తేలిక సైకిళ్లు కావు. డ్యూటీకి పోయే సైకిలే, క్యారియర్ ఊడదీస్తే అదే పందెం సైకిల్. గెలిచినవాడికి పసుపు రంగు బనీను తొడిగేవాళ్లు, మా మాటలో పచ్చ బనీను. మొండయ్య దాన్ని వరసగా ఐదేళ్లు తొడుక్కున్నాడు. ఎత్తు గడ్డ దగ్గర అందరూ దిగి తోసుకుంటూ వస్తే ఆయన సీటు మీద నుంచి లేవకుండా ఎక్కేవాడని మా బాపు చెప్పేవాడు. "అందరు కాళ్లతోని తొక్కుతరు బిడ్డా, గాయన కడుపుల ఏందో మంట వెట్టుకొని తొక్కుతడు" అనేవాడు. ఆరో ఏడు మొండయ్య పందేనికి రాలేదు. మోకాలు పట్టేసిందని చెప్పుకున్నారు.

పందెం ఎప్పుడో ఆగిపోయింది. మళ్లీ ఇన్నేళ్లకు మా ఊళ్లో సైకిల్ క్లబ్బు ఒకటి తయారైంది. ఇరవై మంది ఉంటారు. ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని, పొద్దున్నే బయలుదేరి, దారిలో ఇడ్లీలు తిని, తిన్న ఇడ్లీల ఫొటోలు వాట్సాప్‌లో పెడతారు. వాళ్ల పెద్ద కుమారస్వామి, డిగ్రీ కాలేజీ లెక్చరర్, మంచివాడు. మొదటి పందేనికి యాభై ఏళ్లు నిండాయని ఎవరో చెబితే ఒక రోజు నా కౌంటర్‌కు వచ్చాడు.

"మేడమ్, మనిషి బొమ్మతోని స్టాంపు కొట్టిస్తరట గద? మన మొండన్నది కొట్టిద్దాం. పచ్చ బనీను గూడ కొత్తది కుట్టిస్తున్నం" అన్నాడు.

మైస్టాంప్ అని మా శాఖలో ఉంది. ఫొటో, గుర్తింపు కార్డు ఇచ్చి దరఖాస్తు పెట్టుకుంటే చాలు. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు కొట్టించుకుంటారు. కానీ మా బాయి మనిషికి కొట్టించాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. సిగ్గేసింది. "నువ్వు పో సార్, నేను జూస్కుంట" అన్నాను. ఆ తర్వాత అన్నీ నేనే చూసుకున్నాను. అదే తప్పు.

ఆదివారం వాళ్లింటికి పోయాను. కొడుకు సాయిచంద్‌కు ఇచ్చిన క్వార్టర్ అది. ఒంట్లో బాగుండక మొండయ్య బాయి పని మానేస్తే, తండ్రి స్థానంలో కొడుక్కు నౌకరీ వచ్చింది. పెద్దాయన వాకిట్లో కూర్చుని సైకిల్ చైనుకు నూనె పెడుతున్నాడు. డెబ్బైకి దగ్గర పడ్డా పిక్కలు కర్రపేడుల్లా ఉన్నాయి. సంగతి చెప్పగానే ఆయన భార్య పోచవ్వ లోపలికి పోయి బియ్యం డబ్బా అడుగు నుంచి ఒక ఫొటో తీసుకొచ్చింది. నలుపు తెలుపు ఫొటో. సన్నటి కుర్రాడు, చేతిలో సైకిల్, ఛాతీ మీద పదిహేడో నంబరు.

"కింద ఏం రాయిద్దాం కాకా? మొండయ్య, ఐదుసార్ల విజేత, అందామా?" అన్నాను.

ఆయన చైను తిప్పుతూనే ఉన్నాడు. "పేరొద్దు బిడ్డా. బొమ్మ చాలు."

"పేరు లేకుంటే ఎవరనుకుంటరు?"

"తెలిసినోళ్లకు తెలుస్తది. బనీను మీద గూడ వద్దు. నంబరు ఎయ్యిండ్రి, గంతే."

సాయిచంద్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "బాపు చెప్పినట్టే చెయ్యిండ్రి మేడమ్" అన్నాడు. ఆ గొంతులో కంగారు నాకు వినిపించింది. వినిపించినా పట్టించుకోలేదు. మనవాళ్లకు పొగిడితే మొహమాటం, పీట వేస్తే నేల మీద కూర్చుంటారు, బలవంతంగా కూర్చోబెట్టాల్సిందే అనుకున్నాను.

"పేరు లేని స్టాంపు చేన్ల దిష్టిబొమ్మ లెక్కుంటది కాకా. రేపటి పిల్లలకు ఎట్ల తెలుస్తది? నువ్వు ఊకో, నేను జూస్కుంట" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి, కొడుకు వైపు చూసి, "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

డిసెంబర్‌లో కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. ముందు వరసలో కంపెనీ ఆఫీసర్లు కూర్చున్నారు. మైకు నా చేతిలో పెట్టారు, నోరుంది కదా. కుమారస్వామి ఫ్రేము మీద గుడ్డ తీయగానే చప్పట్లు మోగాయి. కొత్త బనీను తొడిగారు. ముందు పదిహేడు, వెనక వీపు నిండా మొండయ్య అని నల్లటి అక్షరాలు. ఆయన్ని వెనక్కి తిప్పి జనానికి చూపించింది కూడా నేనే.

అప్పుడు హాలు చివర నుంచి ఒక కేక వినిపించింది.

"అరే రాయమల్లూ! ఓ రాయమల్లూ!"

తెల్ల ధోతి కట్టుకున్న ముసలాయన ఒకడు లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతున్నాడు. కళ్ల నిండా నీళ్లు. ఎవరినో వెతుక్కుంటూ వచ్చిన పల్లెటూరి తాత అనుకున్నాను. సభ చెడిపోతోందని ఒళ్లు మండింది. మైకులోనే అన్నాను, "తాతా, ఇక్కడ రాయమల్లు అనేటోళ్లు ఎవ్వరు లేరు. జర గమ్మున కూసో."

జనం నవ్వారు. ఆఫీసర్లూ నవ్వారు. సాయిచంద్ పరుగున పోయి ఆ ముసలాయన్ని భుజం పట్టుకుని బయటకు తీసుకుపోయాడు. స్టేజీ మీద మొండయ్య అటు తల కూడా తిప్పలేదు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది, ఆయనొక్కడే చూడలేదు. ఇది నాకు ఇంటికి పోయాక గుర్తొచ్చింది. అయినా ఏమీ అనుకోలేదు.

జనవరిలో ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు, ఆఫీసుకు పోతుంటే చౌరస్తా చాయ్ బండి దగ్గర ఆయన కనిపించాడు. సైకిల్ పక్కన పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. ఒంటి మీద పచ్చ బనీనే, కానీ తిరగేసి ఉంది. కుట్లు పైకి కనిపిస్తున్నాయి, అక్షరాలు లోపలికి పోయాయి.

"కాకా, బనీను ఉల్టా తొడుక్కున్నవ్" అన్నాను నవ్వుతూ.

"ఎరుకే బిడ్డా" అన్నాడు. కాస్త పక్కకు జరిగి, "ఇట్ల గూసో" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన చాయ్ బండివాడు అటు పోయేదాకా ఆగాడు.

"నా పేరు మొండయ్య గాదు. మొండయ్య మా పెద్దబాపు కొడుకు. మొన్న మైకుల నువ్వు కూసోమన్నది గాయన్నే. నా పేరు రాయమల్లు."

నాకు తల కొట్టేసినట్టయింది.

"బాయి పనికి కాగితం మా అన్నకొచ్చింది. మొదటి దినం దిగిండు. నెత్తి మీద భూమి, చేతిల దీపం. గంటకే పైకొచ్చి, అటు నుంచి అటే ఊరికొచ్చిండు. సచ్చినా పోనన్నడు. మా బాపు నన్ను జూసిండు. నాకు పందొమ్మిదేండ్లు. నువ్వు పోరా, మొండయ్యా అని పిలిస్తే హాజర్ అను, గంతే అన్నడు. నేను గూడ గంతే అనుకున్న."

మారుపేరు సంగతి నాకు తెలియనిది కాదు. ఒకరి కాగితం మీద ఇంకొకరు బాయిలోకి దిగడం ఆ రోజుల్లో ఇంటింటి ముచ్చట. మా బాపుతో జోడీగా పనిచేసిన వాళ్లలోనే ఇద్దరో ముగ్గురో అట్లాంటి వాళ్లుండేవారు. దావత్‌లో రెండు గ్లాసులు పడ్డాక ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకుని ఏడ్చేవాళ్లు. అది చూస్తూ పెరిగినదాన్ని నేను. ఒక బాయి మనిషి నోరు తెరిచి పేరొద్దు అన్నాడంటే నాకు అక్కడే వెలగాలి. వెలగలేదు. పట్నం పిల్ల అయితే తెలియక చేసింది అనుకోవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

"మరి అప్పుడే చెప్పద్దా కాకా?" అన్నాను.

"ఎట్ల జెప్పుత? సాయిచంద్ సర్టిఫికెట్లల్ల తండ్రి పేరు మొండయ్య. వాని నౌకరి మొండయ్య కొడుకని వచ్చింది. నా పేరు బయటవెడితే వాని నోట్ల మన్ను వడ్తది. నా పేరు పెట్టుమని నేను అడగలే గద. ఆయన పేరు ఒద్దన్న, గంతే."

తన పేరు అడిగే హక్కు ఆయనకు లేదు. ఇంకొకడి పేరు మోయకుండా ఒక్కసారి, ఒక్క కాగితం ముక్క మీద ఉత్త మనిషిలా నిలబడాలనుకున్నాడు. ఆ ఖాళీ జాగాను కూడా నేను నింపేశాను.

"సైకిల్ ఎట్ల వట్టువడ్డది కాకా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

అప్పుడు ఆయన మొహం విప్పారింది. "ఆరు దినాలు ముస్టర్ల, గదే హాజరు బుక్కుల, మొండయ్యను. ఏడో దినం సైకిల్ ఎక్కుతుంటి. సుల్తానాబాద్ అవతల మా ఊరు. నలభై కిలోమీటర్లు. మా అవ్వ, నన్ను గన్న తల్లి, దర్వాజల గూసునేది. దూరం కెల్లి బెల్లు ఇనంగనే, రాయమల్లొచ్చిండు, మా రాయమల్లొచ్చిండు అని వాడకట్టంత ఇనవడేటట్టు అరిచేది. గా ఒక్క మాట కోసం పోతుంటి బిడ్డా. బువ్వ తిని మళ్ల తిరిగొచ్చుడు. ఎండలేదు, వానలేదు. నన్ను పందెంల గెలిపిచ్చింది గా తొవ్వనే."

"మరి ఆరో ఏడు ఎందుకు రాలే? మోకాలట గద?"

"మోకాలు మంచిగనే ఉండె. ఐదో పందెం గెలిచినంక అవ్వ సచ్చిపోయింది. కాళ్లున్నయి గని, యాడికి తొక్కాలె?"

పోచవ్వ మొగుడి పేరు నోట పలకదు. మా దగ్గర ఆ తరం ఆడవాళ్లు ఎవరూ పలకరు. ఆమెకు ఆయన సాయిచంద్ బాపు. కాలనీకి మొండయ్య. తల్లి పోయాక ఆయన పేరు ఏడాదికి ఒక్కసారే వినిపించేది. దసరా నాడు ఊరికి పోయి, అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కితే, "రాయమల్లూ, సల్లగుండురా" అనేవాడట అసలు మొండయ్య. ఆ అన్నే, స్టాంపు సంగతి విని, బస్సెక్కి వచ్చాడు. తమ్ముడి గొప్పతనం చూసి ఆగలేక, నోటికొచ్చిన పేరుతో పిలిచాడు.

"నీకు ఇనవడ్డదా కాకా, గా దినం?"

"ఇనవడ్డది." ఖాళీ గ్లాసు బండి మీద పెట్టాడు. "మెడ దానంతటదే తిరగవొయ్యింది. గట్టిగ వట్టుకున్న. ముందట సార్లు గూసున్నరు గద. మళ్ల నువ్వు మైకుల అన్నవ్, రాయమల్లు అనేటోళ్లు ఎవ్వరు లేరని. నిజమే గద అనుకున్న."

కోపంతో అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. నేను చాయ్ బండి దగ్గర, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే ఏడ్చాను. ఆయనే నన్ను ఊకోబెట్టాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా, తెల్వక జేసినవ్" అన్నాడు. తెలియక కాదు అని నాకు తెలుసు.

ఇంకో షీటు కొట్టిస్తానని మాటిచ్చాను. అదే ఫొటో, కింద ఏమీ ఉండదు.

"గది మంచిగుంటది" అన్నాడు. "కింద జాగ ఇడువు. గా జాగల నా పేరు నాకు కనవడ్తది."

ఇక్కడితో ఆగిపోతే నా తప్పు ఒక్కటే అయ్యేది. దరఖాస్తు ఆ రోజే నింపాను. ఫొటో జత చేశాను. కరీంనగర్ పంపాలి, పంపలేదు. ఒక రోజు సర్వర్ పనిచేయలేదు. ఒక రోజు మా పిల్లకు జ్వరం. ఆ తర్వాత మార్చి ఎండింగ్, కౌంటర్ నుంచి తల ఎత్తడానికి తీరలేదు. పెద్దాయన రెండుసార్లు వచ్చాడు. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, "వచ్చినయా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. రెండుసార్లూ అబద్ధమాడాను. "పంపిన కాకా, వస్తయి" అన్నాను. రెండోసారి ఆయన తలూపి పోతుంటే, రేపు తప్పకుండా పంపాలి అనుకున్నాను. రేపు అనే మాటకు మా ఆఫీసులో కొదవ లేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున చైనుకు నూనె పెడుతూ పెడుతూ పక్కకు ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది.

నేను పోయేసరికి వాకిలంతా జనం. యూనియన్ వాళ్లు ఎర్రగుడ్డ కప్పారు. గోడకు ఫ్లెక్సీ కట్టారు, సైకిల్ మొండన్నకు జోహార్లు అని. కుమారస్వామి కళ్లు తుడుచుకుంటూ పచ్చ బనీను తెచ్చి, పేరు పైకి కనిపించేటట్టు ఛాతీ మీద పరిచాడు. మూల కూర్చుని ఏడుస్తున్న పోచవ్వ లేచి వచ్చింది. బనీనును తిరగేసి, నంబరు పైకి వచ్చేటట్టు సర్ది, మళ్లీ పోయి కూర్చుంది. ఆమె నా వైపు చూడలేదు. చూసి తిట్టినా పడేదాన్ని.

ఆడవాళ్లను వెనక్కి పొమ్మన్నా నేను పాడె వెనక నడిచాను. గోదావరి ఒడ్డుకు పోయే దారిలో సగం దూరం పోయాక పాడె దించారు. దింపుడు కళ్లం అంటారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడేమోనని, దగ్గరివాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. డప్పులు ఆగాయి. సాయిచంద్ వంగి "బాపూ, బాపూ, బాపూ" అన్నాడు. కొడుకు అంతే అనగలడు. చుట్టూ యాభై మంది బాయి మనుషులున్నారు. ఎవరో "మొండన్నా" అని పిలిచారు. పాడె మీద మనిషి పలకలేదు, ఆ పేరుకు ఎందుకు పలకాలి?

అప్పుడు ధోతి కట్టుకున్న ముసలాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అసలు మొండయ్య. మోకాళ్ల మీద కూర్చుని, తమ్ముడి చెవికి నోరు ఆనించి పిలిచాడు. మొదటిసారి గాలి కూడా వినలేదు. రెండోసారి పెదాలు కదలడం కనిపించింది. మూడోసారి గొంతు ఆపుకోలేకపోయాడు.

"రాయమల్లూ."

పాడె మీద తల కదలలేదు. సాయిచంద్ మాత్రం తలెత్తి చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారా అని. తండ్రి శవం ముందు నిలబడి ఆ పిల్లాడు అట్లా చూడాల్సి వచ్చింది. మా కళ్లు కలిశాయి. నేను తల దించుకున్నాను. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

దరఖాస్తు ఇంకా నా సొరుగులోనే ఉంది, ఆ పదకొండు స్టాంపుల పక్కన. ఇదంతా రాస్తే నా బరువు కొంచెం తగ్గుతుందని కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాక గుర్తొచ్చింది, సాయిచంద్‌కు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది. అందుకని ఇందులో పేర్లన్నీ మార్చాను, అన్నది, తమ్ముడిది, కొడుకుది, నాది, ఊళ్లవి కూడా. రాయమల్లు కూడా ఆయన పేరు కాదు. పేరు రాయకుండా అక్కడ ఖాళీ వదిలేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. చదివేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది అనిపించి, ఏదో ఒక పేరు పెట్టేశాను.